పిచ్చమ్మ భరిణె మూత

తెనాలిలో అయినా బాపట్లలో అయినా, హస్తకళల ఎగ్జిబిషన్ పెట్టినచోటల్లా బసవేశ్వరరావు చేసే మొదటి పని ఒకటే. బల్ల మీద తెల్లగుడ్డ పరుస్తాడు. భరిణెలు వరసగా పేరుస్తాడు. వాటిలో ఒకటి చేతిలోకి తీసుకుని మూత లాగుతాడు. టప్పుమని చప్పుడవుతుంది. మళ్ళీ పెట్టి మళ్ళీ లాగుతాడు. పక్క దుకాణంలో పచ్చళ్ళవాడు గొంతు చించుకుంటూ ఉంటాడు. ఎదురుగా దిండుగలీబులవాళ్ళు మైకు పెట్టుకుని ఉంటారు. ఈయన నోరు విప్పడు. ఆ చప్పుడుకే ఆడవాళ్ళు ఆగుతారు.

"ఏంటండీ అది, సోడా కొట్టినట్టు?"

"కుంకం భరిణండి."

"ప్లాస్టిక్కా?"

"కర్రండి."

"లోపల రబ్బరేమన్నా పెట్టారా?"

"లేదండి."

ఆయన చెప్పేది అంతే. వచ్చినావిడ తానే నాలుగుసార్లు తీసి పెట్టి, పక్కావిడ చేతికిచ్చి తీయించి, ఇద్దరూ నవ్వుకుని, చివరికి చెరొకటి తీసుకుపోతారు. మూతకూ భరిణెకూ నడుమ వెంట్రుక దూరదు. అంత బిగువుగా కుదిరితేనే లోపలి గాలి చప్పుడు చేస్తుంది. అది ఏళ్ళ తరబడి పని చేసిన చెయ్యి.

నందివెలుగులో కాస్త పొలం ఉంది ఆయనకు. దాన్ని కౌలుకిచ్చి, వయసులో ఉండగానే తెనాలిలో ఒక కలప అడితిలో చేరి, మంచం కోళ్ళు తరిమెన పట్టడం నేర్చుకున్నాడు. తరిమెన అంటే ఇప్పటివాళ్ళు లేతు అనేది. "రైతుబిడ్డవి, గొడ్డూ గోదా చూసుకోక ఈ చెక్కపొట్టులో కూర్చోవడమేంట్రా" అని పెదనాన్న చాలాసార్లు అన్నాడు. బసవేశ్వరరావు మానలేదు. ఇనప మంచాలు వచ్చి కోళ్ళు అడిగేవాళ్ళు పోయాక భరిణెలకూ బొంగరాలకూ కవ్వాలకూ దిగాడు. అవి అమ్ముకోవడానికి ఊళ్ళు తిరగడం అలవాటయింది.

తిరిగేటప్పుడు పాతకాలపు తాడు తరిమెన వెంట తీసుకుపోతాడు. దానికి కరెంటు అక్కర్లేదు. రెండు దిమ్మెల నడుమ ఒక ఇరుసు, ఇరుసుకు రెండు చుట్లు తిప్పిన తాడు. ఒక మనిషి ఎదురుగా కూర్చుని తాడు కొసలు రెండూ పట్టుకుని ఒకటి మార్చి ఒకటి లాగుతుంటే, ఇరుసుతోపాటు కర్ర ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు తిరుగుతుంది. ముందుకు తిరిగినప్పుడే ఉలి ఆనించాలి. వెనక్కు తిరిగేటప్పుడు ఎత్తేయాలి. మోటారు మిషను చూడటానికి ఎవరూ నిలబడరు గానీ దీని చుట్టూ జనం మూగుతారు. చాలా ఏళ్ళు తాడు లాగింది ఆయన భార్య శేషారత్నం. భుజం పట్టేసి ఆమె ఇంట్లో ఉండిపోయాక, ఏ ఊరికి పోతే ఆ ఊళ్ళో ఒక మనిషిని కూలికి మాట్లాడుకుంటున్నాడు. వాళ్ళకు లాగడం నేర్పేసరికి ఎగ్జిబిషన్ అయిపోతుంది.

నిరుడు ఒక సంస్థవాళ్ళు రేపల్లెలో ఆడవాళ్ళకు ఈ పని నేర్పమని అడిగారు. పాత ధాన్యం గోడౌన్‌లో మోటారు మిషన్లు బిగించారు. ఆయన తెనాలి నుంచి పొద్దుటి రైల్లో పోయి సాయంత్రం రైల్లో వచ్చేవాడు. నేర్పడం అంటే మాటలు కావాలి. ఆయన దగ్గర మాటలు తక్కువ. చేసి చూపించేవాడు. వాళ్ళు చేస్తుంటే వెనక నిలబడి చూసేవాడు. ఎక్కడన్నా గీత పక్కకు పోతే, మూత కాస్త వదులైతే, ఆయనకు ఒంటిమీద తేలు పాకినట్టుండేది. "ఇటివ్వమ్మా" అని చేతిలోది అందుకుని తానే సరిచేసి ఇచ్చేవాడు. ఏ పిల్ల చేసిన భరిణె తీసినా చప్పుడు ఒకేలా వచ్చేది. సంస్థ తరఫున చూడటానికి వచ్చిన ప్రమీలారాణిగారు అన్నీ తీసి చూసి, "అబ్బ, అందరివీ ఒక్క చేత్తో చేసినట్టున్నాయండీ" అని మెచ్చుకుంది. బసవేశ్వరరావు సంతోషించాడు. ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

ఆ ఆడవాళ్ళలో పిచ్చమ్మ ఒకతె. రేపల్లెకు దిగువన, కాలవ పోయి ఉప్పునీళ్ళలో కలిసేచోట ఉన్న పల్లెపాలెం ఆమెది. పొద్దున్నే చేపల గంప అమ్ముకుని, ఖాళీ గంప గోడౌన్ గుమ్మంలో బోర్లించి వచ్చి కూర్చునేది. మొగుడు నాంచారయ్య బోటు మీద పోతాడు. ఒక్కతే కూతురు. పాప అన్నది ముద్దుపేరు కాదు, ఆ పిల్ల అసలు పేరే అది. శ్రావణంలో పెళ్ళి. కూతురికి కుంకం భరిణె తన చేత్తోనే చేసివ్వాలని పిచ్చమ్మ పట్టుబట్టింది. విశాఖ వైపు నుంచి వచ్చే అంకుడు కర్ర ముక్కను తానే ఏరుకుంది. బొజ్జ తీర్చింది, లోపల తొలిచింది, ఎర్ర లక్క పట్టించింది. మూత కూడా చేసింది. ఊపితే మూత లొడలొడలాడింది.

"ఇటివ్వమ్మా" అన్నాడు బసవేశ్వరరావు.

"వదులైతే ఏమయిందండి మాస్టారూ? రోజూ తీసేదేగా."

"చప్పుడు రావాలమ్మా."

వదులు మూతను బిగువు చేయడం కుదరదు. మూతే కొత్తది చేయాలి. తెనాలిలో తన రేకుల షెడ్డులో ఏడాదిపాటు ఆరిన ముక్క ఒకటి సంచిలో ఉంటే తీసి, అప్పటికప్పుడు మూత తరిమెన పట్టి, కుదిర్చి, లక్క అద్ది, టప్పుమనిపించి ఇచ్చాడు. పిచ్చమ్మ చేసిన మూత చెక్కపొట్టుతోపాటు ఊడ్చుకుపోయింది. ఆమె భరిణెను అటూ ఇటూ తిప్పి చూసి, కొంగున కట్టుకుంది.

పాపను పెళ్ళికూతుర్ని చేసే రోజే బాపట్లలో ఎగ్జిబిషన్ మొదలు. "బొట్టు వేళకన్నా వచ్చి పోవాలి మాస్టారూ, రాకపోతే క్లాసుకు రానంతే" అని పిచ్చమ్మ ముందే బెదిరించింది. అందుకని బసవేశ్వరరావు రేపల్లెలో మధుసూదన్ అనే అతని ట్రాలీ ఆటో మాట్లాడుకుని, తరిమెనా భరిణెల పెట్టెలూ ఎక్కించి, పట్టా కప్పి, ముందు పల్లెపాలేనికి పోనిమ్మన్నాడు. వారం రోజులుగా ముసురు. గోడలూ గుడ్డలూ మనుషులూ అన్నీ తడితడిగా ఉన్నాయి.

"బాబాయిగారూ, అక్కడ భోజనం గీజనం అని కూర్చోమాకండి. చెరుకుపల్లి మీదుగా పోవాలి, రోడ్డు గుంటలు" అన్నాడు మధుసూదన్.

"బొట్టు చూసి పోదాం."

పిచ్చమ్మ ఇంటి ముందు టార్పాలిన్ పందిరి వేశారు. వలలన్నీ ఒక పక్కకు గుట్టగా నెట్టి, వాటి మీద పిల్లలు ఎక్కి కూర్చున్నారు. పాప పీట మీద కూర్చుని ఉంది. ఆ పాలెంలో ఆనవాయితీ ఏంటంటే, తల్లి ఇచ్చిన భరిణెను పిల్ల తానే తెరవాలి. అందులో కుంకంతోనే మగపెళ్ళివారి తరఫు పెద్ద ముత్తైదువ మొదటి బొట్టు పెట్టాలి. ఆ కుంకం ఇంట్లోది కాదు. ముందు శుక్రవారం గంగమ్మతల్లి పాదాల దగ్గర పెట్టి, అక్కడే భరిణెలో పోసి మూత పెట్టి తెచ్చుకున్నది. ఇక ఈ బొట్టు వేళ దాకా ఆ మూత తీయకూడదు.

పాప మూత పట్టుకు లాగింది. రాలేదు. సిగ్గుగా నవ్వి మళ్ళీ లాగింది. వేళ్ళు జారాయి.

బొట్టు పెట్టాల్సిన ఆవిడ, పెళ్ళికొడుకు పెద్దమ్మ సరోజ, పక్కనే గాజులు పైకి నెట్టుకుని సిద్ధంగా ఉంది. "ఏంటే, చేతుల్లో సత్తువ లేదా? మా ఇంట్లో ఐసు పెట్టెలు ఎట్టా ఎత్తుతావే? ఇటు తే" అని లాక్కుంది. పళ్ళు బిగించి లాగింది. కొంగు అడ్డం పెట్టి తిప్పింది. మూత కదల్లేదు. ఆమె చేతి నుంచి ఇంకొకరికి, అక్కడి నుంచి మరొకరికి పోయింది. నాంచారయ్య వచ్చి, తడి చేతులు లుంగీకి తుడుచుకుని, మెడ నరాలు ఉబ్బేదాకా లాగి, భరిణె వంక అదేదో ప్రాణమున్న జీవి అయినట్టు చూశాడు.

"కత్తి మొన దూర్చి ఎగదీత్తే వచ్చిద్ది" అన్నాడెవరో.

"నీ మొహం, కుంకం భరిణె పగలగొడతారంట్రా పెళ్ళిపొద్దున!" అని వెనకనుంచి ఒక ముసలమ్మ కసిరింది.

నవ్వులు ఆగిపోయాయి. పందిరి మీద చినుకుల చప్పుడు వినబడింది.

"బజార్లో కొంటే పోయేదిగా వదినా" అంది సరోజ. గొంతు తగ్గించింది గానీ అందరికీ వినబడేట్టే అంది. "చేతిపనీ చేతిపనీ అని నెలనాళ్ళు మురిసిపోయావు. మొదటి బొట్టుకే అడ్డం పడింది. రేపు మావాళ్ళకు నేనేం చెప్పుకోను?"

పాప కళ్ళు నీళ్ళతో నిండాయి.

బసవేశ్వరరావు పందిరి గుంజ పక్కన నిలబడి ఉన్నాడు. సంగతేంటో ఆయనకు చూడగానే తెలిసింది. పొడిగా ఎండిన కర్ర ఈ ఉప్పుగాలిలో, ఈ ముసురులో, తడి పీల్చి ఉబ్బింది. భరిణె కంఠం బయటికి ఉబ్బితే మూత దాన్ని పట్టేసింది. వెంట్రుక సందన్నా వదిలి ఉంటే సరిపోయేది. ఇన్నేళ్ళుగా ఆయన అమ్మిన భరిణె ఒక్కటి కూడా మళ్ళీ ఆయన కంటపడలేదు. ఎగ్జిబిషన్ ఎత్తేస్తే ఊరు మారిపోతుంది. కొన్నవాళ్ళు వానాకాలంలో ఏం చేసుకుంటున్నారో చూసింది లేదు, అడిగింది లేదు.

ముందుకు వచ్చి భరిణె అందుకున్నాడు. అరచేతి మధ్య పెట్టి నొక్కి చూశాడు, అంచు చుట్టూ వేలితో కొట్టి చూశాడు. రాదని తేలిపోయింది. పొయ్యి దగ్గర ఆరబెడితే లక్క కరుగుతుంది. నీడన ఆరబెడితే వారం పడుతుంది.

"పగలగొట్టొద్దండి. మిషను మీద పెట్టి మూత అంచు కొంచెం కొంచెం తీసేస్తే పట్టు వదిలేస్తది. ఆటోలో ఉంది మిషను" అన్నాడు.

ముసలమ్మ సరోజ వంక చూసింది. సరోజ ఒకసారి ఆటో వైపు చూసింది. "దాన్ని చేసిన మిషనే కదా? దాని మీద తీస్తే పగలగొట్టినట్టు కాదులే" అంది.

నలుగురు మగవాళ్ళు తరిమెన దింపి పందిరి కింద పెట్టారు. మధుసూదన్ చేతి గడియారం చూసుకుని, ఇక లాభం లేదనుకుని, ఇడ్లీలు పెట్టేచోటికి పోయాడు. బసవేశ్వరరావు భరిణె అడుగు ఇరుసుకు ఆనించి, అవతలి దిమ్మెకున్న మేకు మొన మూత నెత్తి మీద దిగేట్టు బిగించి, ఉలి తీసుకుని కూర్చున్నాడు.

"తాడు లాగేవాళ్ళు కావాలి."

"తాడు లాగడం మాకు చెప్పాలంటండీ?" అని నాంచారయ్య చొక్కా విప్పి కూర్చున్నాడు. వల లాగినట్టు లాగాడు. దిమ్మెలు నేల మీద గెంతాయి. భరిణె మేకు మీద నుంచి జారబోతే బసవేశ్వరరావు చేత్తో ఒడిసి పట్టుకున్నాడు. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు.

"సముద్రం కాదయ్యా అది. మెల్లగా."

నాంచారయ్య మెల్లగా లాగాడు. ఒకసారి మెల్లగా, మరుసారి అలవాటు కొద్దీ విసురుగా. ఇంకొకతను కూర్చున్నాడు. అతనూ అంతే. వీళ్ళకు లాగడం నేర్పాలంటే ఈ పూట చాలదు. ఉలి ఒక్కసారి దిగబడిందంటే భరిణె రెండు చెక్కలవుతుంది. బసవేశ్వరరావు ఉలి ఒళ్ళో పెట్టుకుని ఊరుకున్నాడు.

పిచ్చమ్మ వచ్చి ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుంది. పట్టుచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది.

"మీరు లాగండి మాస్టారూ. ఉలి నాకివ్వండి."

"తాడు తరిమెన మీద నువ్వెప్పుడూ ఉలి పట్టలేదుగా పిచ్చమ్మా. ఇది వెనక్కి కూడా తిరుగుద్ది."

"తెలుసు, చూత్తన్నాగా. ముందుకొస్తే ఆనించాలి, వెనక్కి పోతే ఎత్తాలి. మీరు ఎట్టా లాగితే అట్టా పడతా."

"వదినా!" అంది సరోజ. "తల్లివై ఉండి కూతురి భరిణె మీద ఉలి పెడతావా? ఆయన్ని పట్టనీ."

"నేను చేసిందేగా వదినా. మూత ఒక్కటే మాస్టారు చేశారు."

ఆమె తప్పు పట్టినట్టుగా అనలేదు. చేపల్లో ఏది ఏ బోటుదో చెప్పినట్టు చెప్పింది. అందరూ బసవేశ్వరరావు వంక తిరిగారు.

"అవునండి, మూత నాదే" అన్నాడాయన. "ఆమె చేసింది వదులుగా ఉందని నేనే బిగువుది చేసి పెట్టాను. ఆమెదే ఉంటే ఈపాటికి బొట్టు పెట్టేసేవారు."

సరోజ పక్కకు జరిగి చోటిచ్చింది.

బసవేశ్వరరావు లేచి అవతలికి పోయి తాడు పట్టుకుని కూర్చున్నాడు. శేషారత్నం కూర్చునే చోటు అది. ఇన్నేళ్ళలో ఆయన అక్కడ కూర్చున్నది లేదు. అక్కడినుంచి చూస్తే ఉలి మొన కనబడదు. పట్టుకున్నవాళ్ళ మణికట్టు కనబడుతుంది, మొహం కనబడుతుంది. ఎప్పుడు నెమ్మదించాలో, ఎప్పుడు సాగించాలో వాటిని చూసే తెలుసుకోవాలి.

లాగాడు. భరిణె తిరిగింది. పిచ్చమ్మ మొదటిసారి ఉలి ఆనించి, ఎత్తడం ఆలస్యం చేసింది. కర్ర కీచుమంది. లక్క పెచ్చు ఒకటి లేచిపోయింది. పాప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇటివ్వ" అన్నంతవరకూ ఆయన నాలుక మీదికి వచ్చింది. రెండు చేతుల్లోనూ తాడు ఉంది. వదిలితే ఇరుసు వెనక్కు కొట్టుకుంటుంది. మింగేశాడు.

"ఇంకొంచెం మెల్లగా లాగండి" అంది పిచ్చమ్మ తల ఎత్తకుండానే.

మెల్లగా లాగాడు. ఆమె పెదవులు కదుపుతూ లోపల ఏదో లెక్క పెట్టుకుంటోంది. ఆనించింది, ఎత్తింది. ఆనించింది, ఎత్తింది. ఎర్రని పొట్టు సన్నగా లేచి ఆమె మోకాలి మీద పడసాగింది. కాసేపటికి ఆమె మణికట్టు ఆయన లాగుడుతో కలిసింది. ఆమె భుజం కాస్త వంగితే ఈయన చేతులు వాటంతటవే నెమ్మదించాయి. మూత అంచు గోరంత మేర తగ్గిపోయింది. ఎర్రలక్క పోయినచోట తెల్లని కర్ర ఉంగరంలా బయటపడింది.

ఉన్నట్టుండి భరిణె తిరిగింది గానీ మూత తిరగలేదు. మేకు మొన మీద నిలబడిపోయింది.

"వదిలేసింది" అంది పిచ్చమ్మ.

ఆమె ఉలి కింద పెట్టి, మూత మీద అరచెయ్యి ఉంచి, అలాగే భరిణెను విడదీసి తెచ్చి కూతురి ఒళ్ళో పెట్టింది. "నువ్వు తియ్యి" అంది. పాప రెండు వేళ్ళతో ఎత్తింది. కుంకం తడికి కాస్త గడ్డకట్టి ఉంది. అంచున కొంచెం ఆమె చీర మీద రాలింది. సరోజ ఉంగరపు వేలితో గడ్డ చిదిపి బొట్టు పెట్టింది. అది కాస్త పెద్దదిగానే పడింది. డోలు మోగింది.

హడావుడి సద్దుమణిగాక సరోజ భరిణె తీసుకుని, మూత పెట్టి, ఊపి చూసింది. గలగలలాడింది. "మరీ ఇంత వదులేంటి? సంచిలో పెడితే చీరలన్నీ హోళీయే" అని గొణిగింది. తెల్లబడిన అంచు మీద వేలు పోనిచ్చి, పక్కనున్న పళ్ళెంలో పసుపు తడి వేలితో తీసుకుని అక్కడ చుట్టూ పూసింది. ఎత్తిపట్టి చూసుకుంది. ఇంకొంచెం పూసింది.

బసవేశ్వరరావు తాడు చుట్టుకుంటుంటే పిచ్చమ్మ విస్తరాకు పట్టుకొచ్చింది. "రెండు ముద్దలు తిని కదలండి. ఆ ఆటో అబ్బాయి ఇప్పటికే మూడో వాయి ఇడ్లీ మీదున్నాడు."

ఆయన కూర్చుని తిన్నాడు. అరచేతులు కమిలి అన్నం కలుపుతుంటే మండాయి.

"వచ్చే వారం క్లాసుకి ఈ తాడు మిషను తీసుకురండి మాస్టారూ" అంది పిచ్చమ్మ మజ్జిగ పోస్తూ.

"మోటారు మీద బాగానే చేస్తున్నావుగా."

"మా పాలెంలో కరెంటు ఎప్పుడుంటదో ఎప్పుడు పోతదో గంగమ్మకే ఎరుక. ఇంటి దగ్గర చేసుకోవాలంటే ఇదే నయం. దిమ్మెలు మా వడ్రంగి చేసిస్తాడు. కొలతలు మీరివ్వండి."

"లాగేది ఎవరు?"

పిచ్చమ్మ పందిరి అవతలికి చూసింది. నాంచారయ్య చొక్కా తిరగేసి తొడుక్కుని, తాడు తరిమెన ఎలా లాగాలో నలుగురికి చేతులు తిప్పుతూ చెబుతున్నాడు.

"ఆయనే" అంది. "బోటు పోని రోజుల్లో ఇంట్లో పడి ఉండేదేగా. నేర్పుకుంటా."

"విసురెక్కువ ఆయనకి."

"మెల్లగా నేర్పుకుంటాలెండి. మధ్యలో మీరు మాత్రం అందుకోమాకండి."

బసవేశ్వరరావు తల ఊపి విస్తరి మడిచాడు. మధుసూదన్ హారను కొట్టాడు.